హంగర్ గేమ్స్‌లో ప్రతీకలు, రోమన్ పేర్లు: పిల్లల చేత ఎంతవరకు రాయించాలి?

వాగుగట్టు:

తొమ్మిదో తరగతి పిల్లల రీడింగ్ క్లబ్బులో సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ చదివిస్తున్నాం. పానెమ్ అనే దేశంలో క్యాపిటల్ అనే రాజధాని, తన కింది పన్నెండు జిల్లాల పిల్లల్ని ఏటా చీటీలు తీసి రప్పించి, అరీనాలో ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆట ఆడించి టీవీలో చూపిస్తుంది. చెల్లికి బదులు తానే వెళ్లిన పన్నెండో జిల్లా పిల్ల కాట్నిస్ కథ ఇది. మొదటి భాగం అందరూ పూర్తి చేశారు. రెండో, మూడో భాగాలైన క్యాచింగ్ ఫైర్, మాకింగ్‌జే కూడా చాలామంది చదివేశారు కాబట్టి కథ ముందే తెలిసిపోతుందన్న బెంగ లేదు, విడమరిచి చెప్పండి.

ప్రతీకల మీద ఒక పేజీ రాయమంటే రెండు రకాల జవాబులు వచ్చాయి. మొదటి రకం: "పక్షి అంటే స్వేచ్ఛ, నిప్పు అంటే తిరుగుబాటు, తెల్ల గులాబీ అంటే చావు." ఒక్కో దానికి ఒక్కో వాక్యం, అంతే. రెండో రకం నెట్‌లో దొరికిన జాబితా. సిన్నా అంటే ఫలానా, కేటో అంటే ఫలానా అని వరసగా రోమన్లని దింపేశారు. ఆ రోమన్ ఎవరో తెలిస్తే ఈ కథ చదవడంలో ఏం మారుతుందో ఒక్కరూ రాయలేదు.

ప్రతీకకీ పరోక్ష ప్రస్తావనకీ తేడా ఎలా చెప్పాలి? పేర్లలో నిజంగా పట్టించుకోవాల్సినవి ఏవి? మొదటి రకం జవాబు రాసినవాళ్లని లోపలికి ఎలా తీసుకెళ్లాలి? గంటన్నర క్లాసులు రెండున్నాయి.

కాగితప్పడవ:

ముందు తేడా సంగతి. ప్రతీక పుస్తకం లోపలే తయారవుతుంది. ఆ వస్తువు ఎక్కడెక్కడ వచ్చింది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లింది, వెళ్లిన ప్రతిసారీ ఏం మారింది అన్నది చూస్తే చాలు, ఇంకో పుస్తకం తెరవక్కర్లేదు. పరోక్ష ప్రస్తావనకి మాత్రం బయటి కథ ఒకటి తెలిసుండాలి. తెలియకపోయినా నవల సాగిపోతుంది, తెలిస్తే ఇంకో పొర కనిపిస్తుంది. కాబట్టి రెండిటికీ వేరువేరు పని ఇవ్వండి. రెండూ ఒకే ప్రశ్నలో అడిగినంతకాలం మీకు వచ్చినలాంటి జవాబులే వస్తాయి.

మాకింగ్‌జే పక్షినే తీసుకోండి. మొదటి పుస్తకం మూడో అధ్యాయంలో దాని పుట్టుక ఉంది. తిరుగుబాటు కాలంలో క్యాపిటల్ వాళ్లు జాబర్‌జేలు అనే పక్షుల్ని ల్యాబులో పుట్టించారు. అన్నీ మగవే. మనుషుల మాటల్ని విని, గుర్తుపెట్టుకుని, తిరిగొచ్చి అచ్చం అలాగే అప్పజెబుతాయి. వేగు పని. తిరుగుబాటుదారులు సంగతి కనిపెట్టి వాటికి అబద్ధాలు వినిపించారు. పని చెడిపోయాక క్యాపిటల్ వాటిని అడవిలో వదిలేసింది, అవే చచ్చిపోతాయని. అవి చావలేదు. ఆడ మాకింగ్‌బర్డ్‌లతో జతకట్టి కొత్త జాతిని కన్నాయి. ఆ కొత్త పక్షికి మాటలు రావు, పాటలు వస్తాయి.

ఇంత కథ రచయిత్రి చెప్పాక "పక్షి అంటే స్వేచ్ఛ" అనేస్తే పుస్తకాన్ని పక్కన పెట్టేసినట్టే. ఆ మాట ఏ పక్షి గురించైనా రాయొచ్చు. ఈ పక్షికి మాత్రమే చెల్లేది ఇది: అధికారం తన అవసరానికి ఒకదాన్ని తయారుచేసింది, అక్కర తీరాక పారేసింది, అది అధికారం ఊహించని రూపంలో బతికింది. కాట్నిస్ కథ కూడా అదే. ఆమెను టీవీలో తారగా నిలబెట్టింది క్యాపిటలే.

ఇక చేతులు మారడం. ఆమె నాన్న ఈ పక్షులకి పాట వినిపించి వాటి చేత పాడించేవాడు. మేయర్ కూతురు మాడ్జ్ ఆ పక్షి బొమ్మ ఉన్న బంగారు పిన్ను ఇస్తుంది. అరీనాలో పదకొండో జిల్లా చిన్నపిల్ల రూ నాలుగు స్వరాల కూతని పక్షుల ద్వారా కబురుగా వాడుతుంది. రెండో పుస్తకంలో ఆటల నిర్వాహకుడు ప్లూటార్క్ హెవెన్స్‌బీ చేతి గడియారం అద్దం మీద ఆ పక్షి క్షణంపాటు మెరిసి మాయమవుతుంది. ఎనిమిదో జిల్లా నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు పలచటి రొట్టె ముక్క మీద దాని ముద్ర చూపిస్తారు. తర్వాత కాట్నిస్ బట్టలు రూపొందించే సిన్నా కుట్టిన పెళ్లి గౌను టీవీలో అందరి ముందూ కాలి, ఆ పక్షి రెక్కలుగా మారుతుంది. మూడో పుస్తకంలో అది తిరుగుబాటుదారుల స్థావరమైన పదమూడో జిల్లా ప్రచార చిత్రాలకి యూనిఫాం. అంటే ఒకప్పుడు క్యాపిటల్ వేగుపక్షి పని ఎలా ఉండేదో, చివరికి ఆమె పని కూడా దాని దగ్గరికే వచ్చింది: ఎవరో రాసిచ్చిన మాటలు కెమెరా ముందు అప్పజెప్పడం. రాసిచ్చిన వాక్యం ఆమె నోట ఎంత చప్పగా వచ్చిందో, ఆసుపత్రి మీద బాంబులు పడ్డాక తనంతట తాను మాట్లాడింది ఎలా ఉందో, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి. జాబర్‌జేకీ మాకింగ్‌జేకీ ఉన్న తేడా అక్కడుంది.

తెల్ల గులాబీ కూడా అంతే. "చావు" అని రాసిన పిల్లవాణ్ణి ఒక్కటే అడగండి, దేశాధ్యక్షుడు స్నో కోటుకి గులాబీ ఎందుకు పెట్టుకుంటాడు? తన ఎదుగుదలకి అడ్డొచ్చినవాళ్లకి విషం పెట్టేటప్పుడు అనుమానం రాకుండా అదే గిన్నెలోంచి తానూ తాగేవాడు. విరుగుడు పూర్తిగా పనిచేయక నోట్లో పుళ్లు మిగిలాయి. ఆ నెత్తురు వాసన తెలియకుండా ఉండటానికి ఘాటైన గులాబీ. దాచడానికి పెట్టుకున్నదే అతన్ని పట్టిస్తోంది. ఇది ఆటల పాత విజేత ఫిన్నిక్ మూడో పుస్తకంలో చెబుతాడు, వాళ్లంతా చదివే ఉంటారు.

ఒక జాగ్రత్త. 2012 సినిమాలో పిన్ను మాడ్జ్ ఇవ్వదు, కాట్నిస్‌కి అది హాబ్ సంతలో దొరుకుతుంది. సినిమా చూసినవాళ్లు అదే రాస్తారు. అలా రాస్తే పై వరస తెగిపోతుంది, ఎందుకంటే రెండో పుస్తకంలో ఆ పిన్ను 50వ ఆటల్లో చనిపోయిన మేసిలీ డానర్‌దని, ఆమె మాడ్జ్‌కి పిన్ని అవుతుందని తెలుస్తుంది.

నూనెదీపం:

నేను రొట్టె దగ్గర మొదలుపెట్టమంటాను. దేశం పేరులోనే ఉంది. పానెమ్ అంటే లాటిన్‌లో రొట్టె. రోమన్ కవి జువెనల్ పదో వ్యంగ్య కావ్యంలో ఒక మాటన్నాడు: ఒకప్పుడు సేనాధిపతుల్నీ కాన్సల్స్‌నీ ఎన్నుకున్న జనం ఇప్పుడు రెంటి కోసమే ఆరాటపడుతున్నారు, రొట్టె, ఆటలు. మూడో పుస్తకంలో ప్లూటార్క్ ఈ సంగతి కాట్నిస్‌కి నోటితోనే చెబుతాడు కాబట్టి ఇది ఊహ కాదు, రచయిత్రే విప్పి చూపించిన ప్రస్తావన.

కానీ పిల్లలు అక్కడ ఆగిపోతారు. అసలు విషయం రోమ్‌తో తేడాలో ఉంది. రోమ్‌లో ధాన్యం తీసుకున్నదీ ఆటలు చూసిందీ ఒకే జనం. ఆగస్టస్ కాలంలో ఉచిత ధాన్యం అందుకునేవాళ్ల సంఖ్యని దాదాపు 2 లక్షలకి ఖరారు చేశారు. పానెమ్‌లో ఆ జనాన్ని రెండుగా చీల్చారు. క్యాపిటల్‌కి రొట్టే ఉంది, ఆటా ఉంది. జిల్లాలు రొట్టె పండిస్తాయి, ఆటకి పిల్లల్ని పంపుతాయి, ఆ ఆటని తప్పనిసరిగా చూస్తాయి. జువెనల్ తిట్టింది అధికారాన్ని అమ్ముకున్న జనాన్ని. కాలిన్స్ చూపిస్తున్నది ఆ బేరంలో సరుకైపోయిన జనాన్ని. ఈ ఒక్క తేడా పట్టుకున్న పిల్లకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

తర్వాత టెసెరా. మొదటి అధ్యాయంలోనే ఉంది. రోమ్‌లో ధాన్యం తీసుకునే బిళ్లల్ని టెసెరా అనేవారు. నవలలో ఒక్కో టెసెరాకి ఒక మనిషికి ఏడాదికి అరకొరగా సరిపడే ధాన్యం, నూనె ఇస్తారు. బదులుగా పిల్లల పేరు చీటీల్లో ఇంకోసారి పడుతుంది. పాత చీటీలు తీసెయ్యరు, ఏటా పేరుకుపోతాయి. బోర్డు మీద లెక్క వేయించండి:

కాట్నిస్‌కి పన్నెండో ఏట తప్పనిసరి చీటీ 1, అమ్మకి, చెల్లికి, తనకి కలిపి టెసెరాలు 3. ఏడాదికి 4. పదహారో ఏటికి ఐదుసార్లు, 20 చీటీలు.

కాట్నిస్ స్నేహితుడు గేల్ ఇంట్లో ఐదుగురు. 1 + 5 = 6. పద్దెనిమిదో ఏటికి ఏడుసార్లు, 42 చీటీలు.

మేయర్ కూతురు మాడ్జ్‌కి టెసెరా అవసరం లేదు. గేల్ ఆమె మీద విసురుగా అంటాడు, నీకెన్ని ఉంటాయి, ఐదా, నాకు పన్నెండేళ్లప్పుడే ఆరు అని.

ప్రిమ్‌కి అది మొదటి ఏడు, ఒక్కటే చీటీ. కాట్నిస్ చెల్లి చేత టెసెరా తీసుకోనివ్వలేదు. ఆ ఒక్క చీటీయే తగిలింది.

లెక్క వేశాక పిల్లలకి దానంతటదే తెలుస్తుంది, ఈ లాటరీ అందరికీ సమానమని చెప్పడం ఎంత మోసమో. గనుల్లో పనిచేసే సీమ్ వాళ్లకీ, ఊళ్లో దుకాణాలున్న వాళ్లకీ మధ్య పగ ఎలా పుడుతుందో కూడా తెలుస్తుంది. ఆకలితో ఉన్న ఇంటివాళ్లు తిండికి కట్టే వెల తమ పిల్లల చీటీలే. టెసెరా అనే రోమన్ మాట తెలిసినవాళ్లకి ఇక్కడ ఇంకో గుచ్చుకోవడం ఉంది: రోమ్‌లో బిళ్ల చూపిస్తే తిండి, ఇక్కడ తిండితోపాటు చావు అవకాశం.

ఇప్పుడు రొట్టెని ప్రతీకగా చూడండి. మూడు పుస్తకాల్లో నాకు అన్నిటికంటే గట్టిగా అల్లినట్టు కనిపించేది ఇదే.

మొదటి అధ్యాయంలో గేల్ బేకరీ రొట్టెకి బాణం గుచ్చి చూపిస్తాడు, ఒక ఉడతకి మార్చుకొచ్చాడు. ఇక్కడ రొట్టె అంటే సరుకు. రెండో అధ్యాయంలో వానలో ఆకలితో కూలబడిన కాట్నిస్ వైపు బేకరీవాళ్ల అబ్బాయి పీటా మాడిన రొట్టెలు రెండు విసురుతాడు, అవి మాడ్చినందుకు తల్లి చేత దెబ్బ తిని మరీ. ఇక్కడ రొట్టె అప్పు. ఆ అప్పు తీరలేదన్న బరువు ఆమెను అరీనాలో కూడా వదలదు. పద్దెనిమిదో అధ్యాయంలో రూ చనిపోయాక పదకొండో జిల్లా నుంచి గింజలు చల్లిన నెలవంక ఆకారపు రొట్టె పారాచూట్‌లో వస్తుంది. తమ జిల్లాది కాని పిల్లకి ఇంకో జిల్లా కానుక పంపడం కాట్నిస్ ఎరుగదు. ఆకలితో ఉన్నవాళ్లు కూడబెట్టి పంపింది అది. ఇక్కడ రొట్టె కృతజ్ఞత, జిల్లాల మధ్య గోడకి పడిన మొదటి బీట. రెండో పుస్తకం చివర్లో మూడో జిల్లా రొట్టెలు 24 వస్తాయి. మూడో రోజు, ఇరవై నాలుగో గంట అని అది రహస్య సంకేతం. ఇక్కడ రొట్టె కుట్రలో భాగం.

సరుకు, అప్పు, కృతజ్ఞత, కుట్ర. ఒకే వస్తువు ఇన్ని మెట్లు ఎక్కింది. "రొట్టె అంటే ఏమిటి" అని కాకుండా "ఈసారి రొట్టె ఏం పని చేస్తోంది" అని అడగండి. ప్రశ్న ఇలా మారిస్తే జవాబు ఒక్క వాక్యంలో ముగియదు.

పాతపేజీ:

పేర్ల గురించి. జాబితా మొత్తం కొట్టిపారేయక్కర్లేదు, జల్లెడ పట్టాలి. నేను మూడు ప్రశ్నలు వాడతాను. బయటి వ్యక్తికి జరిగినదానికీ నవల్లో పాత్రకి జరిగినదానికీ ఒక్క సంఘటనైనా కలుస్తోందా? ఆ కలయిక తెలిస్తే పాత్రని చూసే తీరు మారుతోందా? ఆ పేరు తీసేసి ఇంకో రోమన్ పేరు పెడితే ఏమైనా పోతుందా?

దిట్టంగా నిలబడేవి:

కాస్టర్, పోలక్స్. మూడో పుస్తకంలో కెమెరా పట్టుకున్న అన్నదమ్ములు. పురాణంలో కవలలు, కాస్టర్ మర్త్యుడు, పోలక్స్ అమరుడు. నవల్లోనూ కాస్టర్ పోతాడు, పోలక్స్ మిగులుతాడు. పైగా పోలక్స్ నాలుక కోసేసిన ఏవాక్స్, తోబుట్టువు పోయిన దుఃఖం మాటల్లో చెప్పుకోలేడు.

లవీనియా. క్యాపిటల్‌లో కాట్నిస్‌కి సేవ చేసే ఎర్రజుట్టు ఏవాక్స్ పిల్ల పేరు మూడో పుస్తకంలో తెలుస్తుంది. షేక్‌స్పియర్ టైటస్ ఆండ్రోనికస్ నాటకంలో లవీనియా నాలుక, చేతులు నరికేస్తారు. అదే నాటకంలో టైటస్ శత్రువు కొడుకుల మాంసం వండి వాళ్ల తల్లికే వడ్డిస్తాడు. నవల్లో ఒక పాత ఆటలో నరమాంసం తిన్న ఆరో జిల్లా కుర్రాడి పేరు టైటస్. రెండు పేర్లూ ఒకే నాటకంలోవి, రెండూ సరైన చోటే తగిలాయి. యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు.

సెనెకా క్రేన్. నీరోకి గురువై, సలహాదారై, చివరికి నీరో ఆజ్ఞతోనే క్రీ.శ. 65లో ప్రాణం తీసుకున్నవాడు సెనెకా. నియంతకి ఆటలు నడిపి, కాట్నిస్, పీటా విషపు బెర్రీలు తినబోయిన సంఘటన తర్వాత ఆ నియంత చేతిలోనే పోయినవాడు క్రేన్. పుస్తకంలో అతన్ని చంపించిన సంగతి స్నో మాటల్లో సూచనగా తెలుస్తుంది. గదిలో బెర్రీల గిన్నె పెట్టి తలుపు వేసే దృశ్యం సినిమాది. చరిత్రకి అది ఇంకా దగ్గర, అయినా పుస్తకం మీద రాసే వ్యాసంలో దాన్ని వాడకూడదు.

కొరియోలేనస్ స్నో. రోమన్ సంప్రదాయ కథలో కొరియోలేనస్ ఒక సేనాని. కరువులో బయటి నుంచి ధాన్యం వస్తే, సామాన్యులు తమ తరఫున నిలబడే అధికారుల్ని, ట్రిబ్యూన్లని, వదులుకుంటేనే పంచాలని పట్టుబట్టాడు. తిండి ఇస్తాం, హక్కులు వదులుకోండి అనే బేరం. నూనెదీపం గారు చెప్పిన టెసెరా పక్కన పెడితే ఇది చాలా బలమైన ముడి.

ప్లూటార్క్. అసలు ప్లూటార్క్ గ్రీకులవీ రోమన్లవీ జీవిత చరిత్రలు జంటలుగా రాశాడు. అందులో థీసియస్ ఉన్నాడు, కొరియోలేనస్ ఉన్నాడు, కేటో, బ్రూటస్ ఉన్నారు. గ్లాడియేటర్ స్పార్టకస్ తిరుగుబాటు కథ క్రాసస్ జీవితంలో వస్తుంది. ఈ నవలకి కావలసిన ముడిసరుకులో చాలా భాగం ఒకే రచయిత దగ్గరుంది. ఆయన పేరు ఎవరికి పెట్టారు? మొదట ఆటనీ, తర్వాత తిరుగుబాటు ప్రచార చిత్రాల్నీ నడిపించినవాడికి, అంటే మనుషుల జీవితాల్ని కథలుగా మలిచే పని చేసేవాడికి.

తేలిపోయేవి: ఆక్టేవియా, ఫ్లావియస్, వీనియా. వీళ్ల వెనక ఫలానా రోమన్‌ని వెతికితే కాలయాపనే. క్యాపిటల్ వాతావరణం కోసం పెట్టిన పేర్లు.

కేటో విషయంలో జాబితాలు ఘోరంగా తప్పుదోవ పట్టిస్తాయి. చరిత్రలో చిన్న కేటో సీజర్‌ని ఎదిరించి, లొంగడం ఇష్టంలేక క్రీ.పూ. 46లో యుటికాలో ఆత్మహత్య చేసుకున్నవాడు. నవల్లో కేటో చంపడానికే పెరిగిన కుర్రాడు. పోలిక ఎక్కడా కలవదు. అయితే జిల్లా చూడండి. కేటో, బ్రూటస్, ఎనోబేరియా ముగ్గురూ రెండో జిల్లా. శాంతిరక్షకులు ఎక్కువగా వచ్చేది ఆ జిల్లా నుంచే, క్యాపిటల్‌కి దగ్గరి చుట్టం అదే. పిల్లలకి పెట్టుకునే పేర్లు కూడా క్యాపిటల్ పేర్లే. ఆ పేరు వెనక మనిషిని వదిలేసి జిల్లాని చూస్తే అర్థం దొరుకుతుంది.

ఈ లెక్కన మిగతా జిల్లాలూ చూడండి. ఒకటో జిల్లా విలాస వస్తువులు చేస్తుంది: గ్లిమర్, మార్వెల్, కాష్మియర్, గ్లాస్. మూడు యంత్రాలు: బీటీ, వైరెస్. ఎనిమిది బట్టలు: ట్విల్. పదకొండు పొలాలు: థ్రెష్, చాఫ్, సీడర్, అంటే నూర్పిడి, పొట్టు, విత్తనం. జిల్లా ఏ పని చేస్తుందో పిల్లల పేర్లే అది. పన్నెండు బొగ్గు జిల్లా, అయినా అక్కాచెల్లెళ్లిద్దరికీ అడవిలో, నీళ్లలో మొలిచే మొక్కల పేర్లు. ఇది రోమ్ తెలియని పిల్ల కూడా సొంతంగా కనిపెట్టగలదు కాబట్టి క్లాసులో ముందు ఇదే చేయించండి.

కాట్నిస్ పేరు సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది. చెరువులో పెరిగే మొక్క, బాణం ములుకులాంటి ఆకులు, మూడు రేకుల తెల్ల పూలు, ఉడకబెట్టుకు తినే దుంప. శాస్త్రీయ నామం సాజిటేరియా, బాణం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. నిన్ను నువ్వు వెతుక్కోగలిగితే ఆకలితో చావవు అని వాళ్ల నాన్న అనేవాడు. విల్లు, తిండి, తనను తాను తెలుసుకోవడం మూడూ ఒక దుంపలో ఇమిడాయి. ఇంటిపేరు ఎవర్డీన్ థామస్ హార్డీ 1874 నవల్లోని బాత్‌షీబా ఎవర్డీన్ నుంచి తీసుకున్నానని కాలిన్స్ చెప్పారు. ఇద్దరికీ తమ మనసు తమకు తెలియక సతమతమవడమే ఉమ్మడి అన్నారు.

సిన్నా దగ్గర మాత్రం వాదన ఉంది. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఇద్దరు సిన్నాలు, ఒకడు కుట్రదారు, ఇంకొకడు కవి. కవిని జనం కుట్రదారనుకుని చంపేస్తారు. నా ఉద్దేశంలో ఇక్కడి సిన్నా కుట్రదారు.

కాగితప్పడవ:

సిన్నా విషయంలో నేను ఒప్పుకోను. అతన్ని కాట్నిస్ కళ్లెదుట కొట్టింది ఆ గౌను కుట్టినందుకు, అంటే అతని కళకి. నాటకంలో నేను కుట్రదారు సిన్నాని కాను, కవిని అని మొత్తుకుంటే జనం వాడి పాడు పద్యాలకి చంపండి అంటారు. కవి చావు దృశ్యానికే ఇది దగ్గర. ఇద్దరినీ ఒక మనిషిలో కలిపారని చదివితే ఇంకా బాగుంటుంది, అతని కుట్ర బట్టలోనే ఉంది కదా. పిల్లల్ని రెండు జట్లుగా చేసి వాదించుకోనివ్వండి. జవాబు ఒకటే ఉండే ప్రశ్న కాదిది.

వాగుగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చీటీల లెక్క రేపే వేయిస్తాను. ఇంకో రెండు సంగతులు. గ్రీకు పురాణ వీరుడు థీసియస్ కథ ఎంతవరకు లాగొచ్చు? నలుగురైదుగురు "ఇది బకాసురుడి కథే" అని రాశారు. దాన్ని తప్పనాలా?

గట్టుమీది_గ్రంథాలయం:

తప్పనొద్దు, పక్క గడిలో వేయించండి. ఏకచక్రపురంలో ఇంటికొకరు వంతుగా బండెడు అన్నంతో బకాసురుడి దగ్గరికి పోవడం, బ్రాహ్మణుడి ఇంటి వంతు వచ్చినప్పుడు కుంతి భీముణ్ణి పంపడం, నిజంగానే చాలా దగ్గరి పోలిక. కానీ అది చదివేవాళ్లు తెచ్చుకున్న పోలిక, రచయిత్రి పెట్టిన ప్రస్తావన కాదు. "ఈ కథ చదివితే నాకు బకాసురవధ గుర్తొస్తుంది" అని మొదలుపెడితే సరైన వాక్యం. "రచయిత్రి బకాసురవధని సూచించారు" అంటే ఆధారం లేదు. ఈ రెండు వాక్యాల తేడా తొమ్మిదో తరగతిలో పట్టుబడితే ముందుముందు చాలా పనికొస్తుంది. పైగా ఒక మంచి ప్రశ్న పుడుతుంది: బకుడికి ఆకలి ఉంది, తింటాడు. క్యాపిటల్‌కి ఆ పిల్లల చావు దేనికి?

థీసియస్ మాత్రం రచయిత్రే స్వయంగా చెప్పిన మూలం. కలిసేవి: ఓడిన ఏథెన్స్ ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని క్రీట్‌లోని చిక్కుదారిలో ఉండే రాక్షసుడికి బలిగా పంపాలి. పానెమ్‌లో 12 జిల్లాలు, ఒక్కోదాన్నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మొత్తం 24 మంది. రెండూ పాత నేరానికి శిక్ష పేరుతో నడుస్తాయి. థీసియస్ తానే వెళ్తానని ముందుకొస్తాడు, కాట్నిస్ కూడా అంతే. ఆ చిక్కుదారి ఇక్కడ అరీనా అయింది. సగం మనిషి సగం మృగం అయిన మినోటార్‌కి బదులు ఇరవై అయిదో అధ్యాయంలో తోడేళ్లలాంటి మ్యూటేషన్లు, అంటే క్యాపిటల్ పుట్టించిన మృగాలు, మెడలో జిల్లా నంబరు, ముఖంలో చనిపోయిన పిల్లల కళ్లు.

కలవనివి ఇంకా ముఖ్యం. థీసియస్ రాక్షసుణ్ణి చంపితే కథ తీరిపోతుంది. కాట్నిస్ ఏ మ్యూటేషన్‌ని చంపినా ఏమీ తీరదు, ఎందుకంటే చిక్కుదారి కట్టినవాడు బయట కూర్చుని చూస్తున్నాడు. అందుకే మొదటి పుస్తకంలో ఆమె గెలుపు బాణంతో రాదు, నైట్‌లాక్ బెర్రీలు నోట్లో వేసుకోబోవడంతో వస్తుంది. ఆటకి గెలిచినవాడు ఒకడు కావాలి, ఆ ఒక్కణ్ణీ ఇవ్వనంటే ఆట నిర్మాణమే కూలుతుంది. అక్కణ్ణుంచి ఆమె థీసియస్‌ని వదిలి స్పార్టకస్ దారి పట్టింది: అరీనా కోసం తయారుచేసిన మనిషి తిరుగుబాటుకి ముఖం అవడం. క్రీ.పూ. 73లో కాపువా శిక్షణ కేంద్రం నుంచి తప్పించుకున్న గ్లాడియేటర్లు సుమారు 70 మంది, మొదట పట్టుకొచ్చింది వంటింటి కత్తులు, ఇనప చువ్వలు. అరీనాలో దొరికినదాన్నే ఆయుధంగా మార్చుకున్న దృశ్యాలు పిల్లలు ఎన్నైనా చెప్పగలరు.

రూ చనిపోయినప్పుడు పూలు పేర్చే దృశ్యాన్ని దాటెయ్యకండి. పద్దెనిమిదో అధ్యాయంలో అది ఒక పేజీ కంటే ఎక్కువుండదు. రూ అనేది చిన్న పసుపు పూల మొక్క. హామ్లెట్‌లో ఒఫీలియా పంచే పూలల్లో అదీ ఉంది, అక్కడ పశ్చాత్తాపానికి గుర్తు. ఇక్కడ మాత్రం పూలు చేసే పని వేరు. శవాన్ని తీసుకెళ్లే హోవర్‌క్రాఫ్ట్ వచ్చేటప్పుడు కెమెరా దాన్ని చూపించక తప్పదని కాట్నిస్‌కి తెలుసు. అంటే క్యాపిటల్ ప్రసారాన్నే క్యాపిటల్ మీదికి తిప్పుతోంది. తర్వాత ఎడమ చేతి మూడు వేళ్లు పెదాలకి ఆనించి ముందుకి చాస్తుంది. పన్నెండో జిల్లాలో ఆ సైగ అరుదు, ఎప్పుడైనా అంత్యక్రియల్లో కనిపించేది, ప్రేమించినవాళ్లకి వీడ్కోలు. పుస్తకం దాటి అది 2014లో థాయిలాండ్‌లో సైనిక కుట్రకి వ్యతిరేకంగా, 2021లో మయన్మార్‌లో వీధుల్లోకి వచ్చింది. ప్రతీక పుస్తకంలో పుట్టి బయటి ప్రపంచంలోకి నడిచిన ఉదాహరణ ఇంత స్పష్టంగా దొరకడం కష్టం.

మీ మూడు గంటలకి నా లెక్క ఇది. మొదటి క్లాసులో 20 నిమిషాలు చీటీల లెక్క, 20 నిమిషాలు జిల్లాలవారీ పేర్లు, మిగతా 50 నిమిషాలు ఒక్క వస్తువు. రొట్టె గానీ పక్షి గానీ, రెండూ పెట్టకండి. నలుగురేసి జట్టు, ఒక్కో జట్టుకి ఆ వస్తువు కనిపించే ఒక్కో చోటు. కాగితం మీద మూడు గడులు: ఎవరి నుంచి ఎవరికి, దానికి ముందు ఏం జరిగింది, దాని తర్వాత ఏం మారింది. "అర్థం" అనే గడి పెట్టకండి, పెడితే ముందు అదే నింపేసి మిగతావి వదిలేస్తారు. చివర్లో జట్ల కాగితాలు కథ వరసలో గోడకి అంటించి చదివించండి.

రెండో క్లాసులో ప్రస్తావనలు. ప్లూటార్క్ రొట్టె గురించి చెప్పే భాగం ముందు బయటికి చదివించాలి, అది అందరికీ ఉమ్మడి ఆధారం. తర్వాత పాతపేజీ గారి మూడు ప్రశ్నలతో ఐదు పేర్లు చాలు: కాస్టర్, లవీనియా, సెనెకా, కొరియోలేనస్, కేటో. కేటో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే జల్లెడలో నిలవని పేరు ఒకటైనా చూడకపోతే వాళ్లు జల్లెడనే నమ్మరు. మిగిలిన సమయం సిన్నా వాదనకి.

రాతపనిలో ఒక నిబంధన పెట్టండి: "ప్రతీక" అనే మాట పేజీలో ఒక్కసారే వాడాలి, దాని ముందు కనీసం మూడు సంఘటనలు అధ్యాయం నంబర్లతో ఉండాలి. మూడు పుస్తకాల్లోనూ 27 అధ్యాయాలే కాబట్టి ఎవరి దగ్గర ఏ ముద్రణ ఉన్నా నంబర్లు కలుస్తాయి. పేజీ నంబర్లు అడిగితే కలవవు.

నూనెదీపం:

పై ప్రణాళికకి ఒక్క చేర్పు. రొట్టె తీసుకుంటే, మాడిన రొట్టె దృశ్యం వెంటనే మర్నాడు బడిలో కాట్నిస్ చూసే పసుపు పువ్వు మొక్క, డాండెలియన్, కూడా అదే కాగితంలో రాయించండి. అది చూశాకే ఆమెకి అడవిలో తిండి ఏరుకోవడం తడుతుంది. మూడో పుస్తకం ఆఖరి అధ్యాయంలో పీటా గురించి మాట్లాడేటప్పుడు ఆ పువ్వే మళ్లీ వస్తుంది, గేల్‌లో ఉన్న నిప్పుకి ఎదురుగా పెట్టి. "నిప్పు అంటే తిరుగుబాటు" అని రాసినవాళ్లకి ఆ పేరా చూపించండి. నిప్పు తన దగ్గర కావలసినంత ఉంది, ఇక అది అక్కర్లేదని ఆమే అంటుంది.